కొంగ తాత పేజీ

హమాజిరి,
1998 ఏప్రిల్ 19

యసుకి,

రేవు గట్టు మీద చెర్రీ పూలు రాలిపోయాయి. వాటి కింద కూర్చుని తిన్నవాళ్ల డబ్బాలు మాత్రం పడేసిన చోటే ఉన్నాయి. ఋతువర్ణన ఇంతటితో సరి. నేను ఉత్తరం మొదలుపెడితే రెండు పేజీల దాకా వాతావరణమే ఉంటుందని పోయినసారి వెక్కిరించావుగా.

పని ఉండి రాస్తున్నాను. మన టౌన్ ఆఫీసులో పర్యావరణ విభాగం అని ఒకటి కొత్తగా పెట్టారు. ఒక గది, ఒక ఫ్యాను, నన్‌బా అనే ఒక అమ్మాయి. ఆ అమ్మాయి నర్సరీలో నా దగ్గర చదువుకున్నదే. మధ్యాహ్నం పడుకోబెడితే పక్కపిల్లల జడలు విప్పేస్తూ ఉండేది. జులైలో వచ్చే సముద్ర దినానికి ఊళ్లో చిన్నపిల్లలందరికీ ఒక బొమ్మల పుస్తకం పంచాలట, తీరం మీది చెత్త గురించి. జంతువులుండాలి, ప్రాస ఉండాలి, నీతి మాత్రం ఉండకూడదు అంది. ఆ చివరి మాటకి నేను ఒప్పుకున్నాను. నలభై ఏళ్లు పిల్లలకి నీతులు చెప్పి చెప్పి నాకే విసుగెత్తింది.

పుస్తకం పేరు ‘ఎవరు పారేశారు?’. తీరం మీద ఏదో ఒక చెత్త కనబడుతుంది. ఎవరిదని అడిగితే ప్రతి జంతువూ నాది కాదంటుంది. రెండు పద్యాలు చూడు:

ఇసుక మీద సీసా మూత,
ఎవరిదమ్మా ఈ చేత?
నాది కాదు, నాది కాదు,
అంది అడ్డంగా నడిచే పీత.

నీళ్లలోన తేలే సంచి,
ఎవరు వేశారిక్కడ ఎంచి?
నాది కాదు, నాది కాదు,
అంది తాబేలు తల వంచి.

బొమ్మలు నువ్వు వెయ్యాలి. నన్‌బా ఎవరో కుర్ర చిత్రకారుడి పేరు చెప్పింది. మా తమ్ముడు యొకొహామాలో ముప్పై ఏళ్లుగా పుస్తకాలకి బొమ్మలు వేస్తున్నాడు, వాడుండగా ఇంకొకరెందుకు అన్నాను. గొప్ప కోసం అన్నానే తప్ప ప్రేమతో అన్నానని అనుకోకు.

చివర ఒక కొంగ వస్తుంది. దాని సంగతి నువ్వు ఒప్పుకున్నాక రాస్తాను.

అక్క,
తోమియె


యొకొహామా,
మే 6

అక్కా,

ఇక్కడ వాతావరణం ఉంది. అంతే.

ఒప్పుకుంటున్నాను. ఈ ఏడాది నా చేతిలో ఉన్నవి ఒక కప్పల పుస్తకం, ఒక పళ్లు తోముకోవడం పుస్తకం. పళ్ల పుస్తకంలో నోరు లోపలినుంచి గియ్యమంటున్నారు. దానికంటే నీ పీతే నయం. పీత పద్యం బాగుందని మియెకో చెప్పమంది. నేను చెప్పడం లేదు, మా ఆవిడ చెప్పమంది.

కొంగ ఎవరు? నువ్వు అలా దాచిపెట్టి రాశావంటే అది పక్షి అయి ఉండదు.

యసుహికో


హమాజిరి,
మే 24

యసుకి,

చిన్నుల్లి తవ్వుతున్నారు. ఊరంతా ఆ ఘాటే. ఊరగాయ పెట్టి ఒక సీసా పంపిస్తున్నాను, మియెకోకి ఇవ్వు. మెచ్చుకున్నది తనేనట కదా.

కొంగ అంటే ఇసోగాయ్ గారు. నువ్వు ఊరు విడిచేనాటికి ఆయన రాత్రిళ్లు దీపాలు వెలిగించే పడవల మీద స్క్విడ్ చేపల వేటకి వెళ్లేవారు, అందుకని నీకు పెద్దగా తెలియదు. వేట మానేశాక, భార్య పోయాక, రోజూ పొద్దున్నే తీరం మీద చెత్త ఏరుతుంటారు. ఎవరూ ఏరమనలేదు. సన్నగా పొడుగ్గా ఉంటారు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మెడలో తెల్ల తువ్వాలు. వంగినప్పుడు అచ్చం కొంగే. పిల్లలు కొంగ తాత అని పిలిస్తే పలుకుతారు కూడా. ఆ తీరం తప్ప ఆయనకి పోయే చోటు లేదు. మనిషితో మాట్లాడేదీ అక్కడే, అదీ చెయ్యి ఊపడం వరకే. బతికుండగానే ఆయనకి ఒక పుస్తకం ఉండాలని నాకనిపించింది. నీకేదైనా అనిపిస్తే నీలోనే ఉంచుకో.

చివరి పద్యం ఇది:

నువ్వు కాదు, నేను కాదు,
ఆకాశంలోంచి రాలలేదు.
మరి ఎవరు? మరి ఎవరు?
పేజీ తిప్పితే కనబడతారు.

తిప్పాక ఒక్క మాట కూడా ఉండదు. బొమ్మ మాత్రమే. పారేసినవాణ్ని చూద్దామని పిల్లలు ఆత్రంగా పేజీ తిప్పుతారు, తీరా చూస్తే ఏరేవాడు కనబడతాడు. అదీ నా కిటుకు. ఇక్కడ మాటలు పెట్టి పాడుచెయ్యమని నన్‌బా ఎంత బతిమాలినా నేను వినలేదు.

పద్యాలు నా చేతిరాతలోనే అచ్చు వేస్తారట. బ్రష్షుతో నిలువు వరసల్లో రాస్తున్నాను. నువ్వు నా అక్షరాల మీదికి బొమ్మ పొడుచుకు రాకుండా చోటు వదిలితే చాలు.

అక్క


యొకొహామా,
జూన్ 21

అక్కా,

బొమ్మలన్నీ టౌన్ ఆఫీసుకి పంపించేశాను. గడువు, గడువు అని నన్‌బా ఫోన్ల మీద ఫోన్లు చేసింది. అచ్చుకి ముందు నాకొకసారి చూపించమంటే టైము లేదంది. చిన్నప్పుడు జడలు విప్పిన మనిషికి ఇప్పుడు ముడి వేసేంత తీరిక లేనట్టుంది.

నీ అక్షరాలకి ప్రతి బొమ్మ పైనా ఆకాశం ఖాళీగా వదిలాను. చివరి బొమ్మ రెండు పేజీల మీదా పరిచాను. ఒక సగంలో తీరమంతా చెత్త, కొంగ వస్తూ ఉంటుంది, చేతిలో ఖాళీ సంచి. ఇంకో సగంలో తీరం అద్దంలా ఉంటుంది, సంచి నిండుగా. మాట లేకుండా కథ నడవాలంటే అదొక్కటే దారి. ముప్పై ఏళ్ల నుంచీ చేస్తున్నదే.

ఊరగాయ అయిపోయింది. సగం నేనే తిన్నాను.

యసు


హమాజిరి,
జులై 28

యసుకి,

వానలు వెళ్లాయి. తువ్వాళ్లు ఆరుతున్నాయి.

పుస్తకం వచ్చింది. నీకు రెండు కాపీలు విడిగా పంపిస్తామంది నన్‌బా. సముద్ర దినం నాడు హాల్లో పంచారు. మేయరు గారు పుస్తకం తెరవకుండానే దాని గురించి ఉపన్యాసం ఇచ్చారు. పిల్లలు పద్యాలు రెండో రోజుకే పట్టేశారు. చేపల మార్కెట్లో, బస్టాపులో, ఎక్కడ చూసినా నాది కాదు నాది కాదు అన్నదే పాట. నిన్న కసాయి దుకాణంలో గాజు సీసా పగిలితే ముగ్గురు పిల్లలు ఒక్క గొంతుతో అదే అన్నారు. ప్రాస అంటే అదీ.

ఒక సంగతి మాత్రం బాగాలేదు. ఇసోగాయ్ గారు తీరానికి రావడం మానేశారు. వారం దాటింది. చెత్త పేరుకుపోతోంది. ఒంట్లో బాగాలేదేమో అని వెళితే తలుపు సందులోంచి బాగానే ఉన్నానన్నారు, తలుపు తియ్యలేదు. పుస్తకం చేరిందా అంటే చేరిందన్నారు. అంతే.

నువ్వు ముక్కు మరీ పొడుగు గీశావు. అదే అయి ఉంటుంది. కొంగ అన్నాను గానీ, ఆ ముక్కు చూస్తే ఎగతాళిగా ఉంది. ముసలివాళ్లకి అభిమానం ఎక్కువని నీకు చెప్పాలా?

అక్క


యొకొహామా,
ఆగస్టు 5

అక్కా,

కొంగకి ముక్కు పొడుగే ఉంటుంది. పొట్టిగా గీస్తే దాన్ని బాతు అంటారు.

తువ్వాలు గియ్యమన్నది నువ్వు, బూట్లు గియ్యమన్నది నువ్వు, ఊళ్లో అందరూ గుర్తుపట్టేలా చెప్పిందీ నువ్వే. నలుగురు పొగిడితే సిగ్గుపడి ఇంట్లో కూర్చునే మనుషులుంటారు. ఆయన అలాంటివాడే అయి ఉంటాడు. పొగడ్త నీది, సిగ్గు ఆయనది, తిట్లు మాత్రం నావి.

నీ నన్‌బా కాపీలు ఇంకా పంపలేదు. నా బొమ్మ మీద నేరం మోపే ముందు నన్ను దాన్ని చూడనియ్యి.

యసుహికో


హమాజిరి,
ఆగస్టు 20

యసుకి,

పితరుల పండగ అయిపోయింది. అమ్మానాన్నల సమాధి కడిగి వచ్చాను. నీ తరఫున కూడా ఒక చెంబు పోశాను.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. పండగ మర్నాడు గట్టు మీద నడుస్తుంటే పిల్లల గుంపు ఒకటి ఇసోగాయ్ గారి ఇంటి ముందు నిలబడి పాడుతోంది. నా ప్రాసే, నా నడకే. మాటలు మాత్రం వాళ్లవి:

కొంగ తాత, దొంగ తాత,
నీదేనంట సీసా మూత!

నన్ను చూసి పారిపోయారు. కిటికీ తెర కదల్లేదు. పిల్లలు కోతులు కదా, ఏదో కట్టుకున్నారు, ఆయనకి తెలిసి ఉండదు అని సర్దుకున్నాను. కానీ అన్ని ప్రాసలుండగా దొంగ అన్న మాటే ఎందుకొచ్చిందో అంతుపట్టలేదు.

నిన్న నర్సరీలో మినోరి అని ఒక ఐదేళ్ల పిల్ల, గుడ్డబొమ్మని ఒళ్లో కూర్చోబెట్టుకుని దానికి పుస్తకం చదువుతోంది. చదవడమంటే బొమ్మలు చూసి చెప్పడమే. చివరి పేజీకి వచ్చి వేలు పెట్టి చూపించింది. “చూడు, ముందు తాత సంచి నిండా ఉంది. తర్వాత అంతా ఇసక మీద ఒలకబోసేశాడు. చూశావా, సంచి ఖాళీ.” బొమ్మ తలకాయ వంచి అవుననిపించింది.

నేను పుస్తకం లాక్కుని చూశాను. నిలువు వరసల పుస్తకం కుడివైపు నుంచి కదా తెరుచుకునేది. కుడి పేజీ ముందు, ఎడమ పేజీ తర్వాత. కుడి పేజీలో తీరం శుభ్రంగా ఉంది, సంచి నిండుగా ఉంది. ఎడమ పేజీలో తీరమంతా చెత్త, సంచి ఖాళీ.

మరి ఎవరు, మరి ఎవరు, పేజీ తిప్పితే కనబడతారు అని నేనే రాశాను. ఊళ్లో ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ కనబడ్డాడు. ఒక్క నాకే కనబడలేదు. ఏం చూడాలో ముందే తెలిసినదాన్ని కనక.

నువ్వు అడ్డవరసల పుస్తకమనుకుని ఎడమనుంచి కుడికి గీశావు. నిలువు అని నీకు రాశాను. నా ఉత్తరం తీసి చూసుకో. ఆయన్ని ఊరిముందు దొంగని చేశాం యసు. కొంగజపం చేసే మనిషిగా నిలబెట్టాం. నాకు నీ మీద ఎంత కోపంగా ఉందంటే, ఈ ఉత్తరంతో బేరిపళ్లు కూడా పంపడం లేదు.

అక్క


యొకొహామా,
ఆగస్టు 26

అక్కా,

నీ ఉత్తరం తీసి చూశాను. నిలువు అని ఉంది. అది నీ చేతిరాత గురించి గొప్పలు చెప్పుకోవడమనుకున్నాను. నువ్వు నీ చేతిరాత గురించి రాయని ఉత్తరం ఏది?

అది నా తప్పు కాదని అనడం లేదు. నేను గీసే పుస్తకాలన్నీ అడ్డవరసలవే. కప్పలూ పళ్లూ అన్నీ ఎడమనుంచి కుడికే నడుస్తాయి. నా చెయ్యి ఇక ఆ దారే పోతుంది. అచ్చు వేసినవాడైనా అడగలేదు. ఆఫీసు కాపీలు నిన్ననే వచ్చాయి. పీతా తాబేలూ కూడా పద్యానికి వీపు తిప్పి నిలబడ్డాయి చూశావా? అవి పర్వాలేదు, వాటికి పరువు లేదు.

బొమ్మని అద్దంలోలాగా తిప్పి అచ్చు వేస్తే సరిపోతుందేమో అని చూశాను. అప్పుడు మన లైట్‌హౌసు రేవుకి అవతలివైపు పడుతుంది. డబ్బాల మీది అక్షరాలు తిరగబడతాయి. ఊరివాళ్లు మళ్లీ నవ్వుతారు. అందుకని ఆ ఒక్క పేజీ కొత్తగా గీస్తున్నాను. నాలుగు రోజుల్లో నన్‌బాకి పంపుతాను. కొత్తగా అచ్చు వేసుకుంటారో, మీద అతికిస్తారో వాళ్ల ఇష్టం.

ఆయన దగ్గరికి వెళ్లి తప్పు నాదని చెప్పు. నీది కూడా కొంచెం ఉందని చెప్పడం మానకు.

యసు


హమాజిరి,
సెప్టెంబరు 7

యసుకి,

మొదటి తుపాను పక్కనుంచి పోయింది. తీరం మీదికి ఒక పాత సోఫా కొట్టుకొచ్చింది. దాని మీద కాకులు కూర్చుంటున్నాయి.

ఇసోగాయ్ గారి దగ్గరికి వెళ్లాను. ఈసారి తలుపు తీశారు. చిక్కిపోయారు. పగలే తెరలన్నీ వేసున్నాయి. పొయ్యి మీద గిన్నె చూస్తే ఆ రోజు ఏమీ వండుకోలేదని తెలిసింది. నేను తీసుకెళ్లిన అన్నం ముద్దలు బల్ల మీద పెట్టి, వెంటనే పుస్తకం తెరిచి మొత్తం వివరించాను. అడ్డవరసలు, నిలువువరసలు, కుడి, ఎడమ. తప్పు మా తమ్ముడిదన్నాను. నాది కూడా కొంచెం ఉందన్నాను. నీ మాట మన్నించినది ఆ ఒక్కచోటే.

ఆయన చాలాసేపు ఆ పేజీనే చూశారు. మొహం తేటపడుతుందనుకుంటే ఇంకా వాడిపోయింది.

“అచ్చు తప్పా ఇది?” అన్నారు. “మీకు తెలిసే రాశారనుకున్నా టీచరమ్మా.”

ఏం తెలుసనుకున్నారని అడిగాను. ఆయన ఆగి ఆగి చెప్పారు. ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

“పడవ మీద చెత్తబుట్ట ఉండేది కాదు. సముద్రమే బుట్ట. మాడిపోయిన దీపాలు, తెగిన వలలు, తాగిన డబ్బాలు, అన్నం పెట్టెలు, అన్నీ అందులోకే. కుర్రోడిగా ఎక్కినకాడి నుంచి దిగేదాకా అదే పని. తప్పని ఎవడూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఒడ్డుకొచ్చాక చూస్తే ఆ దీపాలే ఇసకలో దొరుకుతున్నాయి. నేను పారేసినవేనని అనను. కావని కూడా అనలేను.”

తర్వాత పుస్తకం మీద చెయ్యి వేశారు. పీతా తాబేలూ వరసపెట్టి నాది కాదు నాది కాదంటుంటే నవ్వొచ్చిందట. పేజీ తిప్పితే తానే ఉన్నారట. సరిగ్గానే ఉందనుకున్నారట. పిల్లలు దొంగ తాత అంటుంటే అబద్ధమని కసరడానికి నోరు రాలేదట. అబద్ధం కాదు గదా, ఇంక ఏ మొహం పెట్టుకుని సంచి పట్టుకుని వాళ్ల ముందు తిరగను అన్నారు.

నేను ఏదో ఓదార్చబోయాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు గానీ, మీరు కడుగుతున్నారు కదా, అది చాలదా అన్నాను.

“తొక్కినోడే కదా కడుక్కోవాల్సింది,” అన్నారు. “కడుక్కోవడం ఒక్కటీ చూపిస్తే తొక్కింది ఎవరని అడగరా?”

నువ్వు కొత్త పేజీ గీసి పంపావనీ, త్వరలో మార్చేస్తారనీ చెప్పాను. ఆయన వద్దన్నారు. “మార్చొద్దు. మారిస్తే నేనూ నాది కాదన్నట్టే.”

నాకు ఏం చెయ్యాలో తోచడం లేదు. మారిస్తే ఆయన తీరానికి రారు, ఒప్పు కాని మెప్పు మొయ్యలేరు. మార్చకపోతే పిల్లలు రానివ్వరు. ఇంటికొచ్చి కాసేపు ఏడ్చాను. అన్నం ముద్దలు తిన్నారో లేదో తెలియదు.

అక్క


యొకొహామా,
సెప్టెంబరు 13

అక్కా,

నీ ఉత్తరం మియెకో రెండుసార్లు చదివింది. నేను ఒకసారి చదివి, గీతబల్ల దగ్గర కూర్చుని ఏమీ గియ్యలేదు.

ఒక మనిషిని మంచివాడిగా చూపిద్దామని కష్టపడి గీస్తే, కాదు, నా చెడ్డబొమ్మే ఉంచండి అంటున్నాడు. ఇన్నేళ్లలో నాకు ఇలాంటి గిరాకీ తగల్లేదు.

ఆలోచించాను. రెండు సగాల పేజీలో మూడో సగం పట్టదు. ముందు పారేశాడు, తర్వాత ఏరాడు అని గియ్యగలను, కష్టమేం కాదు. కానీ పిల్లలు ఆ ముసలాయన్ని రోజూ చూసేవాళ్లు. బొమ్మలో కొంగ ఏం చేసిందో వాళ్లకి అక్కర్లేదు, తాత చేశాడా లేదా అన్నదే కావాలి. అది నేను చెప్పలేను, నువ్వు ప్రాస కట్టినా చెప్పలేవు. ఆయనే చెప్పాలి.

నువ్వు ఇంకా వారానికోసారి నర్సరీలో పుస్తకం చదువుతున్నావు కదా. పిలిచి చూడు. రాకపోతే మనకి కొత్తగా పోయేదేం లేదు.

బేరిపళ్ల సీజను అయిపోతోందని గుర్తు చేస్తున్నాను.

యసు


హమాజిరి,
అక్టోబరు 11

యసుకి,

బేరిపళ్ల పెట్టె వేరే పార్శిల్లో వస్తోంది. అడుగునున్నవి ముందు తిను, మెత్తబడుతున్నాయి.

ముందు ఆఫీసు సంగతి. నన్‌బా నీ కొత్త పేజీ పట్టుకుని పై అధికారి దగ్గరికి వెళ్లింది. మళ్లీ అచ్చు కుదరదన్నాడట. ఇసోగాయ్ గారు అన్నది కూడా చెప్పి, అసలు మార్చొద్దంటున్నారంటే ఆ అధికారి కంగారుపడ్డాడట. మంచి పని చేసేవాడే చెత్త పారేశాడంటే పిల్లలు చెడిపోతారట. చెత్తంతా సముద్రం అవతలి దేశం నుంచి వస్తుందని చెప్పుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదట. ఆఖరికి అంకెల స్టిక్కర్లు చేయించారు. ఎడమ పేజీ మీద ఒకటి, కుడి పేజీ మీద రెండు అతికించి ఆ వరసలో చూడమని. నర్సరీకి ఒక కట్ట వచ్చింది. నేను అతికించకముందే పిల్లలకి దొరికాయి. సగం వాళ్ల ముక్కుల మీద ఉన్నాయి. మిగతా సగం నా సొరుగులో ఉన్నాయి. అక్కడే ఉంటాయి.

ఇసోగాయ్ గారిని మూడు వారాలు పిలిచాను. రెండుసార్లు తలుపు సందులోంచే వద్దన్నారు. మూడోసారి పిల్లల చిట్టి కుర్చీలు తన బరువుకి ఆగుతాయా అని అడిగారు. వస్తారని అప్పుడు తెలిసింది.

మొన్న శుక్రవారం వచ్చారు. గడ్డం గీసుకున్నారు. తువ్వాలు లేదు, బూట్లు లేవు, ఎక్కడికో పెళ్లికి వచ్చినట్టు కోటు వేసుకున్నారు. చివర గోడవారగా పిల్లల కుర్చీ మీద కూర్చుంటే మోకాళ్లు చెవుల దాకా వచ్చాయి. పిల్లలు వెనక్కి తిరిగి తిరిగి చూసి గుసగుసలాడారు. నేను ఏమీ అనలేదు. పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాను.

నాది కాదు నాది కాదు అన్న చోటల్లా గదంతా అరిచింది. పీతకి అరిచారు, తాబేలుకి అరిచారు. చివరి పద్యం చదివి పేజీ తిప్పాను. అంకెలు లేవు, ఎలా అచ్చయిందో అలాగే ఉంది. ఒక పిల్లవాడు మెల్లిగా అందుకున్నాడు. కొంగ తాత, దొంగ తాత. ఇంకో ఇద్దరు కలిశారు. 

అప్పుడు ఇసోగాయ్ గారు కుర్చీలోంచి చెయ్యి ఎత్తారు. బడిలో పిల్లలు ఎత్తినట్టే, తిన్నగా.

“నాదే,” అన్నారు.

పాట ఆగిపోయింది. ఆ పుస్తకంలో ఆ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. తర్వాత ఏం పాడాలో వాళ్లకి తెలియదు.  కాసేపటికి మినోరి లేచి నిలబడింది. గుడ్డబొమ్మకి చదివి వినిపించిన పిల్ల, గుర్తుందా? ముక్కు మీద రెండు అంకె ఉంది.

“ఎందుకు పారేశావు తాతా?”

ఆయన నిజంగా ఆలోచించారు. పిల్లలకి చెప్పే జవాబు కోసం వెతకలేదు.

“అప్పట్లో సముద్రం పెద్దదనుకున్నానమ్మా,” అన్నారు.

మినోరి దానికి తల ఊపి కూర్చుంది. నేను చదవాల్సింది ఇంకేమీ లేదు, పుస్తకం మూసేశాను. పిల్లలకి పాలు ఇచ్చారు. ఆయనకి కూడా ఒక చిన్న గ్లాసుతో ఇచ్చారు, తాగారు.

నువ్వు అడిగేది నాకు తెలుసు. నిన్న పొద్దున గట్టు మీదికి వెళ్లి చూశాను. తీరం మీద ఉన్నారు. బూట్లు, తువ్వాలు, సంచి. ఒక్కరే ఉన్నారు. పిల్లలెవరూ పరిగెత్తుకెళ్లి సాయం చెయ్యలేదు. అలాంటివి నా పద్యాల్లోనే జరుగుతాయి. పెద్ద బడికి పోయే పిల్లలు కొందరు రోడ్డు మీదుగా పోతూ ఆయన్ని చూసి ఆగారు. మొన్న గదిలో ఉన్నవాళ్లు కారు, ఏం జరిగిందో ఎరగరు. పాత పాటే గట్టిగా అందుకున్నారు. కొంగ తాత, దొంగ తాత, నీదేనంట సీసా మూత.

ఆయన వెనక్కి తిరగలేదు. సంచి లేని చెయ్యి తిన్నగా పైకెత్తి, వాళ్లకి కనబడేంతసేపు అలాగే ఉంచి, దించేసి, మళ్లీ వంగారు.

అక్క,
తోమియె